రాజులమ్మ గారి రీడింగ్

మోండా మార్కెట్ వెనక సందులో, స్టీలు సామాన్ల గోడౌను మీద, ఒక హాలూ రెండు గదులూ ఉన్న మేడలో మా స్కూలు ఉండేది. పేరు నటదీపిక. సినిమా, టీవీ నటనలో ఆరు నెలల శిక్షణ అని బయట బోర్డు. కింద గిన్నెల దొంతర జారిపడినప్పుడల్లా పైన హాల్లో ఏడుస్తున్నవాళ్ళు ఏడుపు ఆపి, చప్పుడు అణిగాక మళ్ళీ అక్కడినుంచే అందుకునేవాళ్ళు. కొత్తలో నాకు నవ్వొచ్చేది. తర్వాత అలవాటైంది.

నేను అక్కడ ఆఫీసు పనికి 2003లో చేరాను. మాది రేపల్లె దగ్గర పల్లెటూరు. పదో తరగతి దాకా ఊళ్ళోనే చదివి, ఇంటర్ పూర్తి చేసి, సీతాఫల్‌మండిలో టీచరుగా ఉన్న మా మేనత్త ప్రేమమణి ఇంటికి వచ్చాను. ఆ ఉద్యోగం కూడా అత్తే చూసింది. ఫోను ఎత్తడం, అప్లికేషన్లు ఫైల్లో పెట్టడం, సీన్ కాగితాలు జిరాక్స్ తీయించి పిన్నులు కొట్టడం నా పని. మాట్లాడే అవసరం తక్కువ. నాకు నచ్చింది. హాల్లో గోడ వారగా ఒక స్టూలు మీద కూర్చుని అందరినీ చూస్తూ ఉండేదాన్ని.

స్కూలు పెట్టింది రామ్మోహనరావు మాస్టారు. ముప్పై ఏళ్ళు స్టేజీ మీద ఉన్న మనిషి. కూర్చున్నా నిలబడినట్టే ఉండేవారు. ఆయనకు రెండు విషయాలు పడవు. ఒకటి అబద్ధం. వయసు నాలుగేళ్ళు తగ్గించి రాసుకున్న ఒకతన్ని చేరిన వారంలోనే మెట్లు దింపేశారు. "నటించడం నేర్చుకోవడానికి వచ్చావు. నా ఆఫీసులో నటించడానికి కాదు" అన్నారు. రెండోది ప్రాంప్టింగ్. పక్కనుంచి ఎవరైనా మాట అందిస్తే నటుడు దాన్ని పట్టుకుని పలకడం. అది ఆ హాల్లో నిషేధం.

"మాట లోపల్నించి రావాలి. పక్కనుంచి కాదు" అనేవారు.

అందుకని మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. సోమవారం రీడింగ్. కొత్త సీన్‌ని మాస్టారు తానే రెండుసార్లు పైకి చదివి వినిపించేవారు. తర్వాత నేను కాగితాలు పంచేదాన్ని. మంగళవారం అందరూ గుండ్రంగా కూర్చుని ఎవరి మాటలు వాళ్ళు చూసి చదివేవాళ్ళు. బుధవారం కాగితం కింద పెట్టేయాలి.

ఆ బ్యాచ్‌లో తొమ్మిది మంది. అందరిలోకీ పెద్ద రాజులమ్మ గారు. యాభై నాలుగేళ్ళు. చోడవరం వైపు మనిషి. కొడుకు దేముడుబాబుకి ఇక్కడ ఫ్యాక్టరీలో ఉద్యోగం రావడంతో కాప్రాలో ఉంటున్నారు. గట్టి నేత చీర, పెద్ద బొట్టు, చేతిలో ఎప్పుడూ ఒక ప్లాస్టిక్ బుట్ట. ఎందుకు చేరారని మాస్టారు మొదటి రోజు అడిగితే ఆవిడ దాచుకోకుండా చెప్పారు.

"ఊర్లో మా సెల్లెలు గవరమ్మ ఉంది బాబూ. సాయంత్రమైతే ఆ టీవీ ముందునించి లెగదు. ఓపాలి నానన్నాను, ఈల్లకంటే నేనే బాగా సేస్తానే అని. దానికది ఇరగబడి నవ్వీసింది. ఇంటి సుట్టూ ఉన్నోల్లందర్నీ పిలిచి మరీ నవ్వీసింది. నేను ఓసారి టీవీలో కనపడాల. అది సూడాల. అంతే."

"అంతేనా?" అన్నారు మాస్టారు.

"అంతే అంటే సిన్నదేటి?"

పక్కనున్న లూకా పెద్దగా నవ్వాడు. లూకా బొల్లారం కుర్రాడు, కొరియర్ ఆఫీసులో ఉద్యోగం, విలన్ వేషాల మీద మోజు. "పెద్దమ్మా, నువ్ హీరోయిన్ అయితే నేను నిన్ను కిడ్నాప్ చేస్తా" అన్నాడు.

"సెయ్యి నాయనా. కాప్రా నుంచే సెయ్యి. బస్సులో నిలబడ్డం తప్పుతాది."

ఆవిడ వచ్చాక హాలు మారిపోయింది. తిట్టే వేషమైనా, బతిమాలే వేషమైనా, ఆవిడ నోటినుంచి వస్తే నిజంగా ఎవరో ఎవరినో తిడుతున్నట్టే ఉండేది. బుధవారం ఒక్క మాట కూడా తప్పేవారు కాదు. కుర్రాళ్ళు తడబడుతుంటే మాస్టారు ఆవిడనే చూపించేవారు. "చూడండి. ఆవిడ మీలాగా కాగితం నమలరు. ఒక్కసారి చదివితే చాలు."

ఆవిడ తల వంచుకునేవారు. అది సిగ్గు అనుకున్నాను.

జూన్‌లో ఒక మంగళవారం నేను పిన్నులు కొట్టడంలో పొరపాటు చేశాను. ఒక సెట్టులో రెండో పేజీ తలకిందులుగా పడింది. పంచేశాక, రీడింగ్ మొదలయ్యాక చూసుకున్నాను. అది రాజులమ్మ గారి చేతిలో ఉంది. మాస్టారు రీడింగ్ మధ్యలో కదిలితే ఊరుకోరు. ఆవిడే తిప్పుకుంటారులే అని కూర్చున్నాను.

పక్కన లూకా పేజీ తిప్పాడు. వెంటనే ఆవిడా వేలు తడి చేసుకుని తిప్పారు. కళ్ళు ఎడమనుంచి కుడికి నడిచాయి. వరస చివర ఆగి, మళ్ళీ ఎడమకి వచ్చాయి. ఒకచోట నుదురు కాస్త ముడేసి కాగితాన్ని దగ్గరికి తెచ్చుకున్నారు, అక్షరం సరిగ్గా పడనట్టు. తన వంతు రాగానే రెండు వరసలూ గడగడా చెప్పేశారు. ఒక్క తప్పు లేదు. కాగితం మాత్రం తలకిందులుగానే ఉంది.

నేను మిగిలిన రీడింగ్ వినలేదు. ఆవిడ కళ్ళనే చూస్తూ కూర్చున్నాను.

మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళాక మెట్ల మలుపులో ఆవిడ బుట్ట విప్పుకుని కూర్చుంటే, నేను నా డబ్బా పట్టుకుని పక్కన కూర్చున్నాను. ఎలా అడగాలో తెలియలేదు.

"మీ కాగితం ఒకసారి ఇస్తారా పెద్దమ్మా? పిన్ను సరిగా పడలేదు."

ఇచ్చారు. నేను పిన్ను ఊడదీసి, రెండో పేజీ తిప్పి, మళ్ళీ కొట్టి ఇచ్చాను. ఆవిడ నా చేతుల్ని చూశారు. తర్వాత నా మొహం చూశారు. కలిపిన అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"తలకిందులా?" అన్నారు మెల్లగా.

"రెండో పేజీ."

"మాస్టారు సూసినారా?"

"లేదు."

ముద్ద డబ్బాలో పెట్టేసి చెయ్యి కడుక్కున్నారు. "నా పేరు కూడా రాయడం రాదు పాపా. ఆ ఫారంలో పదో తరగతి అని ఉందంట. మా దేముడుబాబు రాసీసినాడు. నానే రాయమన్నాను. లేపోతే సేర్చుకోరు కదా." డబ్బా మూత పెడుతూ, "మాస్టారు రెండుసార్లు సదువుతారు కదా, సోమవారం. నాకదే సాలు. మా ఊర్లో రేత్రుల్లు కథలు సెప్పేవోరు. ఒకసారి ఇంటే తెల్లారి నేను ఈదిలో అందరికీ సెప్పీసేదాన్ని."

"బస్సు ఎలా ఎక్కుతారు?"

"డ్రైవరు మొకం సూసి."

నాకు నవ్వొచ్చింది. ఆవిడకీ వచ్చింది. కానీ వెంటనే నా చెయ్యి పట్టుకున్నారు. "సెప్పీస్తావేటి?"

నేను ఫైళ్ళు చూసే మనిషిని. ఆ ఫారం నా బీరువాలోనే ఉంది. చెప్పవలసిన బాధ్యత నాదే. "చెప్పను" అన్నాను.

అంతటితో ఆగిపోయి ఉంటే బాగానే ఉండేది. జూలై మొదటి వారంలో మాస్టారు హాల్లో ఒక వార్త చెప్పారు. ఒక డైలీ సీరియల్ వాళ్ళు వస్తున్నారు. మూడు నాలుగు చిన్న వేషాలు, వాటితోపాటు ఒక నాయనమ్మ వేషం. నాయనమ్మ రోజూ కనిపిస్తుంది. నెలాఖరు శనివారం కెమెరా తెచ్చుకుని చూస్తారు. కొత్త కాగితం అప్పటికప్పుడు చేతికిస్తారు, చదువుకోవడానికి పది నిమిషాలు.

"నేను చదివి వినిపించను. అది మీ పరీక్ష" అన్నారు మాస్టారు. తర్వాత రాజులమ్మ గారి వైపు తిరిగి, "మీకు పది నిమిషాలు ఎక్కువే" అన్నారు ప్రేమగా.

లూకా చప్పట్లు కొట్టాడు. "నాయనమ్మ వేషం పెద్దమ్మదే. ఇగ గవరమ్మ పని ఖతం."

ఆవిడ కూడా నవ్వారు. చేతులు మాత్రం బుట్ట పిడిని వదల్లేదు.

ఆ మర్నాటినుంచి మెట్ల మలుపులో మా పని మొదలైంది. బీరువాలో పాత సీన్లు చాలా ఉన్నాయి. రోజుకి ఒకటి తీసుకొచ్చి నేను చదివేదాన్ని. ఆవిడ కళ్ళు మూసుకుని వినేవారు. రెండోసారి చదివేసరికి పట్టేసేవారు. పరీక్ష రోజు నేను ఎలాగోలా పక్కన కూర్చుని పది నిమిషాల్లో రెండుసార్లు గొణిగితే చాలు, ఎవరూ గమనించరని మా లెక్క.

రెండు వారాలు గడిచాయి. ఒక బుధవారం క్లాసులో నల్లా దగ్గర కొట్లాట సీను. రాజులమ్మ గారిది బిందె పట్టుకుని వరస తప్పించినవాళ్ళ మీద విరుచుకుపడే వేషం. హాలంతా దాని కోసమే ఎదురుచూస్తోంది. ఆవిడ లేచి నిలబడ్డారు. తల కొద్దిగా వంచారు. "నా బిందె ఎవరు జరిపారు" అన్నారు. గొంతు మెత్తగా, సమంగా ఉంది. మాట చివర కిందికి దిగింది. అక్కడ ఒక చిన్న ఆగుడు. తర్వాతి మాట. మళ్ళీ దిగడం, మళ్ళీ ఆగడం.

లూకా తల గోక్కున్నాడు. "పెద్దమ్మా, ఇది నల్లా కాడ లొల్లి. గిట్ల ప్రార్థన చేస్తున్నట్టు అడిగితే బిందె ఎవడిస్తడు?"

అందరూ నవ్వారు. మాస్టారు నవ్వలేదు. "ఏమైంది మీకు? రెండు వారాలుగా చూస్తున్నాను. ఎవరిదో గొంతు వచ్చి కూర్చుంది మీలో. శనివారం ఇలా చేస్తే వాళ్ళు రెండో మాట కూడా వినరు" అన్నారు.

ఆ గొంతు ఎవరిదో నాకు తెలిసింది. మా ఊరి చర్చిలో పదేళ్ళ వయసునుంచి ప్రతి ఆదివారం వాక్యం చదివేదాన్ని నేనే. వచనం చివర గొంతు దించమనీ, మనసులో ఒకటి అని లెక్కపెట్టి తర్వాతి వచనం ఎత్తుకోమనీ పాస్టరు గారు నేర్పారు. ఏది చదివినా నాకు అదే వచ్చేది. రాజులమ్మ గారు మాటలతోపాటు నా ఆగుడును కూడా పట్టేశారు. తల వంచడం కూడా నాదే. మాస్టారి ధాటి వినేది సోమవారం ఒక్కరోజే, నా నీరసం మాత్రం రోజూ. సాయం చేస్తున్నానని రోజూ కూర్చుని ఆవిడ చేతిలో ఉన్నదాన్నే పాడుచేశాను.

ఆ మధ్యాహ్నం కాగితం పక్కన పెట్టి సీన్‌లో ఏం జరిగిందో ఊరికే చెప్పాను. ఆవిడ వెంటనే బ్రహ్మాండంగా చేశారు, కానీ అన్నీ సొంత మాటలే. కాగితంలో ఉన్నవి ఒక్కటీ లేవు. టీవీ వాళ్ళకి కాగితంలో ఉన్నవే కావాలి. తర్వాత నేను కొంచెం కోపంగా చదవడానికి ప్రయత్నించాను. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టారు.

"వొద్దు పాపా. నీకు కోపం రాదు. నాకు నవ్వొస్తోంది."

చివరికి ఒక దారి దొరికింది. మా ఊరి బళ్ళో హాజరు పిలిచేటప్పుడు మాస్టరు ఒక్కో పేరునీ ఎలా అనేవారో అలా అన్నాను. ఎత్తడం లేదు, దించడం లేదు. మాట మాత్రం ముందు పెట్టి తప్పుకోవడం. "నా బిందె. ఎవరు. జరిపారు." ఆవిడ ఒక్క క్షణం ఆగి అదే మాటని మెట్లదాకా వినిపించేలా అరిచారు. కింద గోడౌనులో ఎవరో "క్యా హువా?" అన్నారు.

ఆ వారమంతా సాధన చేసింది ఆవిడ కాదు, నేను. చర్చి రాగం నా గొంతులోంచి అంత సులువుగా పోలేదు. ఇంట్లో పేపరు చదివితే అత్త అడిగింది, "ఏంటే, రేషన్ షాపులో పేర్లు పిలుస్తున్నట్టు చదువుతున్నావు?" అప్పుడు నాకు ధైర్యం వచ్చింది.

శనివారం సీరియల్ వాళ్ళు పదింటికే వచ్చారు. కెమెరామన్, అతనితో మధుసూదన్ అనే అసోసియేట్ డైరెక్టర్. ముప్పై అయిదేళ్ళుంటాయి, సన్నటి మనిషి, నిద్ర చాలని కళ్ళు. హాల్లో కెమెరా నిలబెట్టారు. నేను కాగితాలు పట్టుకుని వరండాలోకి వెళ్ళబోతుంటే మాస్టారు పిలిచారు.

"కృపా, నువ్వు లోపలే ఉండు. పలక మీద పేర్లు రాసి చూపించాలి. కాగితాలు లూకా ఇస్తాడు."

నా చేతిలో పలక పెట్టారు. తలుపు వేశారు.

ఒక్కొక్కరే వస్తున్నారు, వెళ్తున్నారు. నేను పేరు రాయడం, చెరపడం. లూకా వచ్చి భయంకరంగా కళ్ళురిమి మధుసూదన్‌ని నవ్వించాడు. బయట బెంచీ మీద పది నిమిషాలుగా రాజులమ్మ గారు ఒక్కరే ఆ కాగితం పట్టుకుని ఉంటారని నాకు తెలుసు. ఎవరినైనా చదివిపెట్టమని అడిగితే అందరికీ తెలిసిపోతుంది. అడగరు.

చివరగా లోపలికి వచ్చారు. కొత్త చీర. కాగితం నాలుగు మడతలు పెట్టి ఉంది. నేను పలక మీద 'రాజులమ్మ' అని రాసి చూపించాను.

"షురూ చేయండమ్మా" అన్నాడు మధుసూదన్.

ఆవిడ కాగితం విప్పారు. కళ్ళు ఎడమనుంచి కుడికి ఒకసారి నడిచాయి. ఆగిపోయాయి. కెమెరామన్ తల ఎత్తి చూశాడు. మాస్టారు కుర్చీలో ముందుకు జరిగారు. నేను ఆవిడ నా వైపు చూస్తారని ఎదురుచూశాను. ఆవిడ చూడలేదు. హాల్లో అన్ని వైపులా చూశారు కానీ నేను నిలబడ్డ గోడ వైపు మాత్రం చూడలేదు.

"ఒంట్లో బాగోలేదు బాబూ" అన్నారు. "తల తిరుగుతోంది. నానెల్లిపోతాను."

"అరే, కూర్చోండి, నీళ్ళు తాగండి" అన్నారు మాస్టారు లేస్తూ.

"వొద్దు మాస్టారూ. ఎల్లిపోతాను." తలుపు వైపు రెండడుగులు వేశారు.

"రాజులమ్మ గారికి ఒంట్లో బాగానే ఉంది సార్" అన్నాను.

ఆ హాల్లో నా గొంతు పైకి వినపడటం అదే మొదలు. అందరూ నా వైపు తిరిగారు. పలక నా గుండెలకి ఆనించి పట్టుకున్నాను. "ఆవిడకి చదవడం రాదు. నేను మాట అందిస్తే ఆవిడ చేస్తారు. బాగా చేస్తారు."

కింద ఏదో గిన్నె పడింది. దొర్లి దొర్లి ఆగింది.

మాస్టారు మొహంలోకి చూడలేకపోయాను. "చదవడం రాదా?" అన్నారాయన. అడిగింది నన్నో, ఆవిడనో తెలియలేదు.

మధుసూదన్ మాత్రం కుర్చీలో వెనక్కి వాలాడు. "గంతేనా? దానికి గింత పరేషాన్ ఎందుకమ్మా? మా సెట్ల అందరికి ప్రాంప్టింగే. చెప్పు చెల్లె."

"ఈ హాల్లో అది కుదరదు" అన్నారు మాస్టారు.

"సార్, మీరు పెద్దోళ్ళు. నేను రోజుకి పన్నెండు సీన్లు తీయాలె. కంఠస్థం పట్టే టైం మాకు యాడున్నది? పది నిమిషాలు సూద్దాం. నచ్చకపోతే పోతం."

మాస్టారు నిలబడే ఉన్నారు. తర్వాత మెల్లగా కూర్చున్నారు. ఔనని అనలేదు. వద్దనీ అనలేదు.

నేను వెళ్ళి రాజులమ్మ గారి చేతిలోంచి కాగితం తీసుకున్నాను. "ఏటి గుంటా, ఉద్యోగం పోగొట్టుకుంటావా?" అని గొణిగారు. నేను సీన్ సంగతి చెప్పాను. కాలేజీకి వెళ్ళిన మనవరాలు ఆలస్యంగా ఇంటికి వచ్చింది. నాయనమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. అంతే. కెమెరాలో పడకుండా పక్కకి వెళ్ళి నిలబడ్డాను.

"వచ్చావా."

ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుని తలుపు వైపు చూశారు. అక్కడ ఎవరూ లేరు. కానీ ఆవిడ చూపు కిందినుంచి పైదాకా వెళ్ళి, ఎవరి చేతిలోనో ఉన్న పుస్తకాల దగ్గర ఆగి, మొహం దాకా వచ్చింది. "వచ్చావా?" అన్నారు.

"ఇల్లు గుర్తుందన్నమాట."

"ఇల్లు గుర్తుందన్నమాట!" అని ముక్కు తుడుచుకున్నారు.

"నీ కోసం కూర్చోలేదు. గడియ పాడైంది. తలుపు కాపలా కాస్తున్నాను."

ఆ మాటని ఆవిడ వెంటనే అనలేదు. ముందు లేచి, లేని గడియని రెండుసార్లు కదిపి చూశారు. అది పడటం లేదని నాకే అనిపించింది. అప్పుడు మనవరాలి వైపు వీపు పెట్టి, ఆ మాటలు తలుపుతో అన్నట్టు అన్నారు.

"అన్నం తిన్నావా."

ఇది ఆఖరి మాట. ఆవిడ చాలాసేపు అనలేదు. కోపం అలాగే మొహం మీద ఉంచుకుని, కాలితో స్టూలుని పిల్ల కూర్చునేట్టు జరిపారు. "అన్నం తిన్నావా?" అన్నారు.

నేను కాగితం మడిచేశాను. కెమెరామన్ కెమెరా ఆపడం మరిచిపోయాడు.

మధుసూదన్ సామాను సర్దుకుంటూ, "సోమవారం ఫోన్ చేస్తం సార్" అని మాత్రం అన్నాడు.

వాళ్ళు మెట్లు దిగాక మాస్టారు బీరువా వైపు చెయ్యి చూపించారు. నేను ఫైలు తెచ్చి ఇచ్చాను. రాజులమ్మ గారి అప్లికేషన్ తీసి చాలాసేపు చూశారు.

"పదో తరగతి. ఎవరు రాశారిది?"

"మా దేముడుబాబు. నానే రాయమన్నాను. ఆడి తప్పు లేదు. ఈ గుంట తప్పు కూడా లేదు."

"నాలుగు నెలలు నా ఎదురుగా కూర్చుని చదివారు కదమ్మా."

"సదవలేదు మాస్టారూ."

"అదేనమ్మా నేను అంటున్నది!" ఆయన గొంతు హాలంతా మోగింది. "ఖాళీ గ్లాసు పట్టుకుని నీళ్ళు తాగినట్టు చేయండిరా అని పదకొండేళ్ళుగా చెబుతున్నాను. ఒక్కడు, ఒక్కడు నన్ను నమ్మించలేదు. మీరు..." ఆగిపోయారు. కుర్చీలో వెనక్కి వాలి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత నన్ను అడిగారు, "నీకెప్పుడు తెలిసింది?"

"జూన్‌లో సార్."

"నువ్వు చూశావు. నేను చూడలేదు."

ఆ మాటలో కోపం లేదు. అందుకే నాకు ఎక్కువ బాధ కలిగింది. ఆయన టీ కూడా తాగకుండా ఇంటికి వెళ్ళిపోయారు. వయసు తగ్గించి రాసుకున్న అతను మెట్లు దిగి వెళ్ళడం మా ఇద్దరికీ గుర్తొచ్చి ఉంటుంది. రాజులమ్మ గారు బుట్ట సర్దుకుని, "సోమవారం రావాలా, వొద్దా?" అని అడిగారు. "రండి" అన్నాను. నాకూ తెలియదు, నేను రావచ్చో లేదో.

ఆదివారం చర్చిలో వాక్యం నా చెవికి ఎక్కలేదు. అత్త అడిగితే మొత్తం చెప్పాను. అత్త నోటుబుక్కులు దిద్దుతూనే, "పిన్ను సరిగ్గా కొట్టి ఉంటే ఇదంతా జరిగేది కాదు" అంది. టీచరు కదా.

సోమవారం నేను వెళ్ళేసరికి మాస్టారు ముందే వచ్చి ఉన్నారు. బల్ల మీద అదే అప్లికేషన్. పదో తరగతి అన్న చోట అడ్డంగా ఒక గీత గీసి, పక్కన తన పొట్టి సంతకం పెట్టి ఉంది. "ఫైల్లో పెట్టు" అన్నారు.

పదకొండింటికి ఫోను మోగింది. మధుసూదన్. నాయనమ్మ వేషం రాజులమ్మ గారికే. గురువారం మొదటి షెడ్యూలు. వాళ్ళ ప్రాంప్టర్ ఒకతను ఉన్నాడట, బాగా స్పీడుగా చెబుతాడట, అలవాటు చేసుకొమ్మన్నాడు. నేను ఫోను పెట్టి ఆ సంగతి చెప్పగానే లూకా నోట్లో రెండు వేళ్ళు పెట్టి ఈల వేశాడు. రాజులమ్మ గారు బుట్ట పట్టుకుని మెట్లు దిగి కింద ఎస్టీడీ బూత్‌కి వెళ్ళారు. పది నిమిషాలకి తిరిగొచ్చారు.

"ఏమందమ్మా మీ చెల్లెలు?" అని అడిగారు మాస్టారు.

"టీవీలో ఏ సానలు, ఎన్ని గంటలకి అని అడిగింది." ఆవిడ మొహం వెలిగిపోతోంది. "ఈసారి నవ్వలేదు."

కానీ గురువారానికి మూడు రోజులే ఉంది. ఆవిడ చెవి నా గొంతుకి మాత్రమే అలవాటు పడింది. కొత్తవాడు ఎలా చెబుతాడో తెలియదు. అందుకని ఆ రోజు రీడింగ్ ఆపేసి ఒక్కొక్కరూ ఆవిడకి మాట అందించాలన్నారు మాస్టారు. ఆ మాట అనడానికి ఆయనకి కాస్త కష్టమే అయింది.

కొడుకు కోసం ఎదురుచూసే ఒక నాయనమ్మ పాత సీన్ బీరువాలోంచి తీసి ఇచ్చాను. ముందు లూకా కూర్చున్నాడు. గడగడా చెప్పుకుపోయాడు. నాలుగు నిమిషాల్లో నాయనమ్మ చేతులు నడుం మీద పెట్టుకుని, "ఏందిరా, గిట్లనేనా పెద్దోళ్ళతోటి మాట్లాడేది?" అంది. అది కాగితంలో లేదు. లూకాలో ఉంది. హాలంతా పడి పడి నవ్వింది.

"లే, లే" అని మాస్టారు లూకాని లేపి ఆ కుర్చీలో తాను కూర్చున్నారు. కాగితం చేతిలోకి తీసుకున్నారు. గొంతు సవరించుకున్నారు. నిటారుగా అయ్యారు. "బాబూ!" అని మొదటి మాట అందించారు. ఆ ఒక్క మాటలో ఏడుపు, ఎదురుచూపు, ముప్పై ఏళ్ళ స్టేజీ అన్నీ ఉన్నాయి. చెయ్యి దానంతట అదే గాల్లోకి లేచింది. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి.

రాజులమ్మ గారు పలకలేదు. ఆయన్నే చూస్తూ నిలబడ్డారు.

"అనండమ్మా. అందించాను కదా" అన్నారు మాస్టారు.

"అందించినారు బాబూ." ఆవిడ నాకేసి ఒకసారి చూసి, మళ్ళీ ఆయన వైపు తిరిగారు. "మొత్తం మీరే సేసీస్తే నాకేటి మిగుల్తాది?"

మాస్టారు గాల్లో ఉన్న చేతిని చూసుకున్నారు. దాన్ని కిందికి దించి, మోకాలి మీద పెట్టుకుని, దాని మీద రెండో చెయ్యి కూడా పెట్టి నొక్కి పట్టుకున్నారు.

"కృపా," అన్నారు, "ఇలా రా. ఎలా చదవాలో నాకు చెప్పు."